అరిగిన బొటనవేలు

మా అమ్మ పెద్దకర్మ ముగిసి, బంధువులు ఎవరి ఊళ్ళకు వాళ్ళు బయలుదేరిపోయాక, ఆమె మంచం కింది ట్రంకుపెట్టెను నేనూ తమ్ముడూ కలిసి తెరిచాము. అందులో రెండు నేత చీరలు, ధాన్యం కొలిచే ఇత్తడి పడి, మా నాయన కండువా, వీటన్నిటి అడుగున పసుపు గుడ్డలో చుట్టి దారంతో కట్టిన చిన్న మూట ఉన్నాయి. మా తిరుపతిలో పసుపు గుడ్డలో కట్టినదంటే అది కొండమీది స్వామికి మొక్కుకున్న ముడుపే అయి ఉంటుందని తమ్ముడు దాన్ని విప్పడానికి వెనుకాడాడు. విప్పి చూస్తే అందులో డబ్బులు లేవు, ఐదు ప్రామిసరీ నోట్లు ఉన్నాయి. ఐదూ చెల్లిపోయినవే, ఐదింటిలోనూ రెవెన్యూ స్టాంపు దగ్గర అడ్డంగా చింపి ఉంది. ఆ కాగితాలను చదవడానికి నాకు ఒక్క సాయంత్రం పట్టింది. అర్థం చేసుకోవడానికి మాత్రం ఏడాది పట్టింది. మొన్న సంవత్సరీకం పెట్టి వచ్చాక, ఇక రాయగలననిపించి రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి చెప్పుకోవాలి. మా అమ్మాయి ఎరిగిన అవ్వ, నేను ఎరిగిన అమ్మ ఒకరు కారు. మా అమ్మాయి చెప్పే అవ్వ అడిగిందల్లా ఇచ్చే మనిషి, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, పిల్లలతో సమానంగా నేలమీద కూర్చుని ఆడిన మనిషి. నా అమ్మ పైసా పైసా లెక్క పెట్టింది. నవ్వితే ఖర్చయిపోతుందన్నట్టు ఉండేది. "అసలు కంటే వడ్డీ ముద్దు" అని మనవళ్ళ గురించి పెద్దలు అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేనూ అందరితోపాటు నవ్వేదాన్ని గానీ, లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకునేది. అసలును నేనే కదా.

అమ్మ పుట్టింది పెనుమూరు దగ్గరి ఒక పల్లెలో, స్వాతంత్ర్యానికి ముందు సంవత్సరం. బడి మొగం చూడలేదు. 1962లో పెళ్ళయింది, మెట్టినిల్లు కూడా అక్కడికి నాలుగు మైళ్ళలోనే. మా నాయనకు రెండెకరాల చెరకు, వాటాకు ఒక బెల్లం గానుగ, ఎండాకాలం అడుగు కనిపించే ఒక బావి ఉండేవి. పెళ్ళయి ఐదేళ్ళు గడిచినా సంతానం కలగలేదు. మా జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పగలు హరికథగా, రాత్రి వీధినాటకంగా రోజుల తరబడి భారతం జరుగుతుంది. అందులో అర్జునుడి తపస్సు నాడు, మైదానంలో పాతిన ఎత్తయిన తపస్సు మాను మీదికి అర్జునుడి వేషం కట్టినవాడు మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తలస్నానం చేసి తడిబట్టలతో ఆ మాను చుట్టూ సాగిలపడి ఉంటే, అతడు పైనుంచి నిమ్మకాయలు, విభూతి చల్లుతాడు. 1967లో మా అమ్మ అక్కడ పడుకున్నది. మరుసటి ఏడు నేను పుట్టాను. తన వీపున పడిన నిమ్మకాయ దెబ్బను ఆమె చివరిదాకా చెప్పుకున్నది. ఆ నిమ్మకాయ కొంచెం మెత్తనిదైతే నేను ఇంత మొండిదాన్ని అయ్యేదాన్ని కాదట.

నాలుగేళ్ళకు తమ్ముడు పుట్టాడు. బావి ఎండిపోయి, బోరు వేయిస్తే నీళ్ళు పడక, మళ్ళీ ఇంకొకటి వేయించి, ఆ అప్పులోనే ఉండగా 1981లో నాయన పచ్చకామెర్లతో పోయారు. అప్పటికి నాకు పదమూడేళ్ళు, తమ్ముడికి తొమ్మిది. దినాలు కాగానే భూమి అమ్మేశారు. దానితో అప్పులన్నీ తీరిపోయాయని మా మేనమామ మాకు చెప్పాడు. మొన్నటిదాకా మేము నమ్మినదీ అదే. పాకాలలో మీటరుగేజి రైలెక్కి, చంద్రగిరి కోట కిటికీలోంచి కనిపించి వెనక్కి పోతుండగా, ఒక ట్రంకుపెట్టె, ఒక బస్తా రాగులు, ఇద్దరు పిల్లలతో అమ్మ తిరుపతి చేరింది. తాతయ్యగుంట గంగమ్మ గుడికి నాలుగు వీధుల అవతల ఒక గది అద్దెకు తీసుకుంది. ఆ గదిని ఎంచుకోవడానికి కారణం అమ్మవారు కాదు. వెనక పెరట్లో పాతిన రుబ్బురోలు.

తెల్లవారుజామున నాలుగింటికి ఒక సత్రంలో కూరగాయలు తరగడానికి పోయి, తొమ్మిదింటికి వచ్చి, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా బస్టాండు దగ్గరి రెండు ఇడ్లీ అంగళ్ళకు పిండి రుబ్బేది. ఆ రుబ్బడం ఇప్పటికీ నా కళ్ళముందు ఆడుతుంది. ఒక కాలు చాచి, ఒక కాలు మడిచి రోటి పక్కన కూర్చుని, కుడిచేత్తో పొత్రాన్ని తిప్పుతూ, ప్రతి చుట్టుకూ అంచుల మీదికి ఎగబాకే పిండిని ఎడమచేత్తో గుంటలోకి తోసేది. పొత్రం ఆగకూడదు, వేళ్ళు దాని కింద పడకూడదు. రెంటి మధ్య దొరికే సందు రెప్పపాటు కంటే తక్కువ. బియ్యం రుబ్బుతున్నప్పుడు గరగరమనే చప్పుడు పల్చబడుతూ పోయి ఒక దశలో మాయమయ్యేది. ఉద్దిపప్పుకు చప్పుడుతో పని లేదు; చేతికి వెన్నలా తగలాలి, నీళ్ళగిన్నెలో చుక్క వేస్తే తేలాలి. ఆ ఎడమచేతి బొటనవేలి కొస ఎప్పుడూ నునుపుగా, తెల్లగా, నానిన అనపగింజలా ఉండేది. ఆ వేలి సంగతి మళ్ళీ వస్తుంది.

అనపగింజలంటే గుర్తొచ్చింది. చలికాలంలో మా వైపు పితికిపప్పు చేయని ఇల్లుండదు. పచ్చి అనపగింజలను రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి లోపలి పప్పు చిట్లి బయటికి వస్తుంది. ఆ పప్పుతో చేసిన పులుసు రాగిసంగటిలోకి గానీ వేడి అన్నంలోకి గానీ ఎంత బాగుంటుందో మా జిల్లా వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇతరులకు చెప్పినా అర్థం కాదు. పిల్లలకు ఆ పితకడమే ఒక ఆట, ఎందుకంటే కాస్త గట్టిగా నొక్కితే పప్పు తుపాకి గుండులా దూసుకుపోతుంది. పద్నాలుగేళ్ళ వయసులో నేను అలా ఒక పప్పును గోడకు కొట్టినందుకు అమ్మ నా నెత్తిన మొట్టి, నన్ను లేపి, గోడవార పడిన ఆ ఒక్క పప్పును వెతికించి కడిగించి గిన్నెలో వేయించింది. అదే అమ్మ, ఇరవై ఏళ్ళ తర్వాత, అదే పని మా అమ్మాయి చేస్తుంటే పక్కన కూర్చుని, "ఇంకా గట్టిగా నొక్కు పాపా, ఆ క్యాలెండరు దాకా పోవల్ల" అన్నది. గిన్నెలో పడిన పప్పు కంటే ఇల్లంతా చెల్లాచెదురైన పప్పే ఎక్కువ. నేను వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

ఇంతకంటే పెద్ద సంగతి నా కమ్మలది. 1984 ఆగస్టులో, నేను ఇంటర్ మొదటి ఏడు చదువుతుండగా, ఒక ఆదివారం ఉదయం తల దువ్వి జడ వేస్తూ, ఏమీ చెప్పకుండా నా చెవులకున్న బంగారు కమ్మలను మెల్లగా తిప్పి తీసేసింది. అవి నాయన చేయించినవి, మూడు గ్రాములుండేవేమో. రంధ్రాలు పూడిపోకుండా రెండు వేపపుల్లలు తుంచి, నున్నగా గీకి చెవులకు పెట్టింది. ఎందుకని నేను అడగలేదు. ఆ నెల తమ్ముడి బడి ఫీజు కట్టవలసి ఉంది కాబట్టి దానికేనని అనుకున్నాను. మగపిల్లవాడి చదువు కోసం ఆడపిల్ల చెవులు బోడివి చేయడం మన దగ్గర కొత్త కాదు గనుక నాకు అనుమానం కూడా రాలేదు. కోపం మాత్రం వచ్చింది. వేపపుల్లలతో కాలేజీకి పోయిన ఆ ఎనిమిది నెలలు నేను అమ్మతో అవసరానికి మించి మాట్లాడలేదు. మా అమ్మాయికి చెవులు కుట్టించిన రోజు ఆ అమ్మే తన చీర చెంగు ముడి విప్పి కొత్త కమ్మల జత తీసి ఇచ్చినప్పుడు, అందరూ మురిసిపోతుండగా నేను పెరట్లోకి పోయి నిలబడ్డాను.

తమ్ముడికి ఈ కథ ఇటీవలే చెప్పాను. పాపం, తన ఫీజు ఆ ఏడు మాఫీ అయిందని అతడికి గుర్తుంది.

ఇప్పుడు ఆ నోట్ల సంగతి. ప్రామిసరీ నోటుకు చట్టప్రకారం మూడేళ్ళే కాలపరిమితి. ఆలోపు దావా వేయకుండా, కొంత జమ కట్టినట్టు దాని మీద సంతకంతో రాయించుకోకుండా ఉంటే, ఆ తర్వాత కోర్టులో అది చెల్లదు. అందుకే అప్పిచ్చినవాళ్ళు మూడేళ్ళు నిండకముందే తీరని వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుని పాతదాన్ని చింపి ఇచ్చేస్తారు. భూమి అమ్మగా తీరకుండా మిగిలిన 4,500 రూపాయలకు అమ్మ 1981లో మొదటి నోటు రాసిచ్చింది. వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు, అంటే నెలకు 90. ఏమీ కట్టకపోతే మూడేళ్ళకు ఒక్క వడ్డీయే 3,240 అవుతుంది. అందులో ఆమె పిండి రుబ్బి 1,540 కట్టినట్టుంది. మిగిలిన 1,700 కలిసి 1984 జూన్ నాటి రెండో నోటు 6,200కు లేచింది. మూడేళ్ళు రోలు తిప్పాక అప్పు తగ్గలేదు, పెరిగింది. ఆ రెండో నోటు వెనక మొదటి జమ 1984 ఆగస్టు నాటిది, 600 రూపాయలు. ఆ తేదీ, నా కమ్మలు తీసిన ఆదివారం తర్వాతి మంగళవారం. ఇంతకూ ఆమె అమ్మింది నా కమ్మలను కాదు, పెరుగుతున్న ఆ అంకెకు అడ్డం పెట్టింది అనుకుంటే అనుకోవచ్చు. పదహారేళ్ళ పిల్లకు ఒక్క మాట చెప్పి ఉండవచ్చు కదా అని ఇప్పటికీ అనుకుంటాను. మాకు నాయన అప్పు మిగిల్చి పోయాడన్న మాట పిల్లల చెవిన పడకూడదని ఆమె పంతం కాబోలు. ఆ పంతం సరైనదని నేను అనను. నా చెవుల రంధ్రాల కంటే మా నాయన పేరు ఆమెకు ఎక్కువ, అంతే.

1987 నోటు 5,800. 1990 నోటు 4,000. 1993 నోటు 1,500. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. నేను నెలనెలా ఇవ్వబోయిన డబ్బును "నీ జీతం నీది, దాచుకో" అని ఆమె వెనక్కి నెట్టిన సంగతి ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే ఎట్లా ఉందో నేను రాయలేను. చివరి నోటు చెల్లయింది 1994 ఫిబ్రవరిలో. మా అమ్మాయి పుట్టింది ఏప్రిల్‌లో. మనవరాలు పుట్టి అమ్మ మనసును మెత్తబరిచిందని ఇన్నేళ్ళూ అందరమూ అనుకున్నాము. మనవరాలు చేతికి వచ్చేనాటికి ఆమె నెత్తిన బరువు దిగి రెండు నెలలైంది. నవ్వడానికి పదమూడేళ్ళ తర్వాత తీరిక చిక్కింది.

ఆ నోట్లలో అంకెలు కాక మరొకటి కూడా ఉంది. మొదటి నాలుగింటి మీద ఎడమచేతి బొటనవేలి ముద్ర. 1981 నాటి ముద్రలో గీతలన్నీ స్పష్టంగా, నీటి సుడిలా కనిపిస్తాయి. 1984లో మధ్య భాగం మసకబారింది. 1990 నాటికి అది వేలిముద్ర కాదు, ఉత్త సిరా మచ్చ. రోలు ఆ గీతలను తినేసింది. ఐదో నోటు మీద మాత్రం ముద్ర లేదు, సంతకం ఉంది.

1990ల మొదట్లో చిత్తూరు జిల్లా అంతటా అక్షర తపస్మాన్ అనే పేరుతో వయోజనులకు చదువు చెప్పే ఉద్యమం నడిచింది. మా వీధిలో లాంతరు వెలుగులో, ఇంటర్ చదివే ఒక కుర్రవాడు చాపల మీద ఆడవాళ్ళను కూర్చోబెట్టి పలకల మీద దిద్దించేవాడు. వాడు తన కొడుకు ఈడువాడైనా అమ్మ "అయ్యోరు" అనే పిలిచేది. ఆ ఉద్యమం పేరు వినగానే ఆమెకు భారతమే గుర్తొచ్చింది. "ఒక తపస్సు మాను కింద పడుకుంటే నువ్వొచ్చినావు, ఇంకో మాను కింద కూచుంటే నా పేరొచ్చె" అని నా పెళ్ళికి వచ్చిన చుట్టాలందరితో చెప్పుకున్నది. నాలుగక్షరాల పేరులో మూడో అక్షరానికి ఒత్తు ఉండాలి. ఆ ఒత్తు ఆమెకు ఎప్పుడూ జారిపోయేది. అన్నట్టు, ఆ ఐదో నోటు మీద సంతకం పక్కనే సగం అంటిన సిరా మరక ఒకటుంది. అప్పిచ్చినాయన అలవాటు చొప్పున వేలు పట్టుకుని సిరాలో అద్దించి ఉంటాడని, కాగితానికి ఆనించేలోపు ఈమె చెయ్యి వెనక్కి లాక్కుని కలం అడిగి ఉంటుందని నా ఊహ.

ఆ సంతకంతో ఆమె పడిన పాట్లు తక్కువవి కావు. ఒత్తు లేకుండా సంతకం చేసి ఒక బ్యాంకులో ఖాతా తెరిచింది. కొన్నేళ్ళకు శ్రద్ధగా ఒత్తుతో సహా రాసి డబ్బు తీయబోతే, సంతకం సరిపోలేదని తిప్పి పంపారు. "తప్పుగా రాస్తేనే చెల్లుతుందంట, ఒప్పుగా రాస్తే చెల్లదంట" అని ఇంటికి వచ్చి ఒక పూటంతా నవ్వింది. ఆ తర్వాత రేషను అంగట్లో వేలిముద్రల యంత్రాలు వచ్చాయి. ఎడమ బొటనవేలు పెడితే తీసుకోలేదు, కుడిది పెడితే తీసుకోలేదు, కొబ్బరినూనె రాసి తుడిచి పెట్టినా తీసుకోలేదు. వెనక వరుసలో మనుషులు విసుక్కుంటున్నారు. "ఆ వేలు ఎప్పుడో అరిగిపోయింది నాయనా, కాగితమియ్యి, సంతకం పెడతా" అన్నది. సంతకం పనికిరాదన్నారు. ఎన్నో విషయాలను నవ్వుతూ పోనిచ్చిన మనిషి ఆ రోజు మాత్రం రాత్రి అన్నం తినలేదు.

2017లో స్నానాలగదిలో జారిపడి ఆ ఎడమచేతి మణికట్టే విరగ్గొట్టుకుంది. ఆసుపత్రికి పోదామని మేమెంత చెప్పినా వినలేదు. పుత్తూరు కట్టే కావాలన్నది. అక్కడ ఎముక సరిచేసి, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించారు. కట్టులోంచి బొటనవేలు ఒక్కటే బయటికి నిక్కి ఉండేది. పిల్లలు దానికి పెన్నుతో కళ్ళూ మీసాలూ గీసి ఆడుకున్నారు. ఆమె కదలకుండా గీయించుకున్నది.

2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినప్పుడు, పుట్టిల్లు చిత్తూరు జిల్లాలోనూ తాను తిరుపతి జిల్లాలోనూ పడ్డానని తెలిసి, "కాలు కదపకుండానే పరాయి జిల్లాకు వచ్చేస్తినే" అని ఆశ్చర్యపోయింది. ఆ డిసెంబరులో ఒక రాత్రి నిద్రలోనే పోయింది. డెబ్బై ఆరేళ్ళు. పోయే ముందటి శనివారం స్వామికి తళిగ, అంటే నైవేద్యం, వేసి, పిండిదీపం వెలిగించి, ప్రసాదం మనవళ్ళకు తన చేత్తోనే పెట్టింది.

చివరి నోటు గురించి ఒక మాట మిగిలింది. దాని వెనక "అసలు వడ్డీ సహా ముట్టినది, చెల్లు" అని అప్పిచ్చినాయన నల్ల సిరాతో రాసిన రెండు పంక్తుల కింద ఖాళీ స్థలముంది. ఆ ఖాళీలో అమ్మ పెన్సిలుతో తన సంతకాన్ని ఒకదాని కింద ఒకటి పదకొండుసార్లు దిద్దుకుంది. పైనున్న పదింటిలో ఒత్తు లేదు. పదకొండోదానిలో ఉంది, అక్షరం కంటే పెద్దదిగా, అంచు దాటి పోయేటట్టుగా ఉంది. తమ్ముడు దాన్ని లామినేషన్ చేయిద్దామన్నాడు. ఆ వేడికి పెన్సిలు గీతలు చెదిరిపోతాయేమోనని నేను ఒప్పుకోలేదు. మళ్ళీ అదే పసుపు గుడ్డలో చుట్టి, అదే దారంతో కట్టి, ఇత్తడి పడిలో పెట్టాను.